మెడ పట్టేసింది, డ్రై నీడ్లింగ్ చేపించుకోవాల్నా వద్దా – నా జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండు సార్లు చదివిన. నకిరేకల్‌ల టైలరింగ్ షాపు, 33 ఏండ్లు, ఏడు నెలల నుంచి కుడిదిక్కు మెడ కింద భుజం మీద కండ రాయి లెక్క పట్టేసింది, పొద్దుగూకే సరికి చెవి ఎనుక నుంచి కణత దాక తలనొప్పి లేస్తది, ఎంఆర్ఐ తీస్తే సి5-సి6 దగ్గర, అంటే మెడల అయిదో, ఆరో ఎముకల నడుమ, డిస్క్ బల్జ్ (ఎముకల నడుమ ఉండే మెత్త బయటికి ఉబ్బుడు) అన్నరు, ఒక ఫిజియో క్లినిక్‌ల ఆరు సిట్టింగులు డ్రై నీడ్లింగ్ చెయ్యాలె పైసలు ముందే కట్టు అన్నరు, సూది అంటేనే భయమైతుంది అన్నవ్. మీ అమ్మకు 60 దాటినయి, మర్రిగూడ దిక్కు ఊరు, ఆమెకు కూడ మెడ తిరగదు, ఇద్దరం చేపించుకోవచ్చా అని అడిగినవ్. నేను నల్లగొండల 19 ఏండ్ల నుంచి ఫిజియోథెరపీ చేస్తున్న, అందుల 11 ఏండ్ల నుంచి నీడ్లింగ్ కూడ చేస్తున్న. సూటిగ చెప్తున్న, నీకు అది పనిచేసే అవకాశం మంచిగనే ఉంది, కానీ ఆరు సిట్టింగుల పైసలు ఇప్పుడే కట్టకు. అమ్మకు మాత్రం ఇప్పుడే సూది పెట్టనియ్యకు, ముందు ఆమెను వేరే లెక్కల చూడాలె, ఎందుకో కింద చెప్త.

ముందు ఇది ఏందో తెలుసుకో. డ్రై అని ఎందుకంటరంటే సూదిల మందు ఏం ఉండదు, ఎక్కించేది ఏం లేదు, ఉత్త సూదే. మన దవాఖానల ఇచ్చే సూదిమందు సూది లోపల బొక్క ఉంటది, మందమే 0.6, 0.7 మిల్లీమీటర్లు ఉంటది. ఈ సూదికి లోపల బొక్క ఉండదు, మందం 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు, అంటే సగమో, ఇంకా తక్కువో, పట్టుకుంటే వంగుతది. నువ్వు పొద్దంత సూదితోనే బతికేటోనివి కాబట్టి నీకు చెప్తే అర్థమైతది, నీ మిషన్‌ల ఏసే సూది కన్నా ఇది మస్తు సన్నం.

ఇది ఎట్ల మొదలైందంటే, అమెరికా ప్రెసిడెంట్ కెనడీకి డాక్టర్‌గ ఉన్న జానెట్ ట్రావెల్ అనే ఆమె, తర్వాత ఆమెతోని కలిసి డేవిడ్ సైమన్స్, కండలల్ల గట్టిపడ్డ చోట్లను ఒక్కొక్కటి ఒత్తి చూసి, ఏ కండల గడ్డ ఉంటే నొప్పి ఎక్కడికి పాకుతదో బొమ్మలు గీసి పెట్టిన్రు. వాటినే ట్రిగ్గర్ పాయింట్లు అంటరు. అప్పట్ల ఆ చోట్ల తిమ్మిరి మందు ఎక్కించేటోళ్లు. ప్రేగ్‌ల కారెల్ లెవిట్ అనే డాక్టర్ 1979ల ఒక పేపర్ రాసిండు, నొప్పి తగ్గిస్తున్నది మందు ఒక్కటే కాదు, సరిగ్గ ఆ చోట సూది పడుడు వల్లనే తగ్గుతుంది అని. అట్ల ఉత్త సూదితోని చేసుడు వచ్చింది. ఇది ఆక్యుపంక్చరేనా అని కూడ నువ్వు అడిగినవ్ కదా, సూది అయితే అదే, కానీ లెక్క వేరు. వాళ్లు శరీరంల నాడుల దారులు అని చైనా పద్ధతి ప్రకారం పెడ్తరు, నొప్పి మెడకుంటే సూది చేతికి కూడ పెట్టొచ్చు. మేము చేతితోని తడిమి కండల బిగుసుకున్న పోగు దొరికితేనే అక్కడ పెడ్తం, దొరకకపోతే పెట్టం.

నీ సంగతి ఇంట్లనే చూసుకోవచ్చు. కుర్చీల ఆనుకొని కూసొని చెయ్యి ఒడిల పెట్టి వదులుగ వదిలెయ్, ఎడమ చేతి బొటనవేలు, వేళ్ల నడుమ కుడి భుజం మీద ఉన్న మాంసాన్ని, అంటే మెడకూ భుజానికీ నడుమ ఉన్న దాన్ని, చీర కుచ్చిళ్లు పట్టినట్టు పైకి పట్టు. మెల్లగ వేళ్ల నడుమ రుద్దు. లోపల ఒక తాడు లెక్క తగుల్తది, ఆ తాడు మీద ఒక్క చోట పెసరగింజంత గట్టిగ ఉంటది, దాన్ని పది సెకన్లు ఒత్తి పట్టు. అప్పుడు చెవి ఎనుక నుంచి కణతకు నీ పాత తలనొప్పే లేసిందనుకో, అది ట్రాపిజియస్ అనే కండ నుంచి వస్తున్న నొప్పి అని గట్టి గుర్తు. కొత్త రకం నొప్పి కాదు, రోజూ వచ్చేదే రావాలె, అది ముఖ్యం. నా దగ్గరికి వచ్చేటోళ్లు చానా మంది అప్పుడే అంటరు "గదే మేడం, గదే నొప్పి" అని, ఆ మాట ఇనే దాక నేను సూది ప్యాకెట్ చింపను.

ఎంఆర్ఐ రిపోర్ట్ చూసి భయపడ్డ అన్నవ్, దానికీ చెప్త. జపాన్‌ల నొప్పే లేని 1211 మందికి మెడ ఎంఆర్ఐ తీసి 2015ల పేపర్ వేసిన్రు, అందుల 87 శాతం మందికి పైనే డిస్క్ బల్జ్ ఉంది. 20 ఏండ్ల పిల్లలల్ల కూడ మస్తు మందికి ఉంది. అంటే రిపోర్ట్‌ల బల్జ్ అని ఉన్నంత మాత్రాన నీ నొప్పి దాని వల్లనే అని కాదు. చెయ్యి కిందికి తిమ్మిర్లు దిగుతున్నయా, చేతిల బలం తగ్గిందా, కత్తెర పట్టు జారుతుందా, సూదిల దారం ఎక్కియ్యడానికి ఇదివరకు లేని తిప్పలైతుందా, నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నయా, ఇవి ఒక్కటి ఉన్నా నీడ్లింగ్ సంగతి పక్కన పెట్టి న్యూరో డాక్టర్ దగ్గరికి పో. జ్వరం, కారణం లేకుండ బరువు తగ్గుడు, రాత్రి పండుకున్నంక నిద్ర లేపే నొప్పి ఉన్నా అంతే, మన దగ్గర ఎముకల టీబీ ఇంకా ఉంది, దాన్ని పట్టేసుడు అనుకొని నెలలు గడిపినోళ్లను నేను చూసిన. నువ్వు రాసినదాంట్ల ఇవేం లేవు కాబట్టే కండ నొప్పి అని ఇంత ధైర్యంగ చెప్తున్న.

ఇగ చేసేటప్పుడు ఎట్లుంటదంటే. నిన్ను బోర్ల గాని పక్కకు గాని పండుకోవెడ్తరు. స్పిరిట్‌తోని తుడుస్తరు. గ్లోవ్స్ ఏసుకొని, ఇందాక నేను చెప్పినట్టే ఆ కండను వేళ్ల నడుమ పైకి ఎత్తి పట్టుకుంటరు, పట్టుకున్న ఆ మాంసంలకే సూది పోవాలె, కిందికి ఛాతీ దిక్కు పోవద్దు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో, ఎందుకంటే మెడ పక్కన భుజం కింద మన ఊపిరితిత్తి కొస ఉంటది, అది మనం అనుకున్నదానికన్న పైకే ఉంటది. సూది ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంల వస్తది, గొట్టం తోలుకు ఆనిచ్చి వేలితోని టక్కున కొడ్తరు, అది చీమ కుట్టినంత కూడ ఉండదు. అసలుది తర్వాత. సూదిని మెల్లగ లోపలికి పంపుతుంటే బిగుసుకున్న పోగు తగలంగనే కండ తనంతట తానే ఎగిరిపడ్తది, నీళ్లలకెళ్లి తీసిన చేపపిల్ల తోక కొట్టినట్టు, కంటికి కూడ కనపడ్తది. ఆ క్షణం జివ్వుమని నొప్పి కణతకు ఎక్కుతది, రెండు మూడు సెకన్లు ఉంటది, పోతది. అది చెడ్డ గుర్తు కాదు, సరైన చోట పడ్డదన్నట్టు. అట్ల రెండు మూడు సార్లు ఎగిరినంక కండ మెత్తబడ్తది, నా వేళ్లకే తెలుస్తది, పొద్దున తాడు లెక్క ఉన్నది కొంచెం సేపట్ల నానిన చింతపండు లెక్క అయితది. ఎగిరిపడకపోయినా కొందరికి తగ్గుతది, దాని కోసం సూదిని లోపల పొడుచుకుంట కూసునేటోళ్లు ఉన్నరు, అది మంచిది కాదు, కండ దెబ్బ తింటది.

తర్వాత ఒకటి రెండు రోజులు నొస్తది. మొదటి రోజు నాట్లు ఏసొచ్చినంక నడుము ఎట్లుంటదో అట్లుంటది, కమిలినట్టు. కొందరికి చిన్న నల్ల మచ్చ పడ్తది. కాపడం పెట్టుకో, మెడ మెల్లగ తిప్పుకుంట ఉండు, పండుకొని కదలకుండ ఉండకు.

ఇప్పుడు ప్రమాదం మాట. ఒకటి నా దగ్గరే అయింది, దాయకుండ చెప్తున్న. చాలా ఏండ్ల కింద ఒక పిల్లగాడు శనివారం ఒక్కపొద్దు ఉన్నడట, పొద్దటి నుంచి ఏం తినలే, నేను అడగలే. స్టూల్ మీద కూసోవెట్టి భుజానికి సూది పెట్టిన, అర నిమిషంల మొఖం తెల్లగ అయి చెమట పట్టి పక్కకు ఒరిగిండు, సూది ఇంకా లోపలనే ఉంది. నా ఎడమ చేతి మీద పడ్డడు కాబట్టి సరిపోయింది, కింద పడితే తల పగులు. రెండు నిమిషాలల్ల లేసి కూసున్నడు, కానీ ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలే. అప్పటి నుంచి తిన్నరా అని అడగకుండ, పండుకోవెట్టకుండ ఒక్క సూది కూడ పెట్టలే. నీకు సూది భయం ఉందంటున్నవ్ కాబట్టి నీకైతే ఇది ఇంకా ముఖ్యం, తిని పో, పండుకున్నంకనే పెట్టమను, భయమైతుంది అని ముందే చెప్పు, అది సిగ్గుపడే ముచ్చట కాదు.

రెండోది ఇంకా పెద్దది. వేరే చోట ఈపుల నీడ్లింగ్ చేపించుకున్న ఒకామె ఇంటికి పోయేటప్పుడు బస్సుల ఆయాసం మొదలైందని నాకు ఫోన్ చేసింది, దమ్ము పీలిస్తే ఛాతీల పొడుస్తుంది అన్నది, నేను వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమన్న. ఊపిరితిత్తికి సూది తగిలి గాలి బయటికి లీకైంది. దవాఖానల ఉంచి తగ్గించిన్రు, బతికి బయటపడ్డది. ఇది అరుదు, కానీ అయితది, ముఖ్యంగ భుజం మీద, ఈపు రెక్కల నడుమ, పక్కటెముకల దగ్గర పెట్టినప్పుడు. అప్పుడే తెలవాలని లేదు, కొన్ని గంటల తర్వాత కూడ బయటపడొచ్చు. ఆయాసం, ఛాతీల పొడుపు, పొడిదగ్గు, ఈ మూడింట్ల ఏది వచ్చినా తెల్లారే దాక చూద్దాం అనుకోకు, ఎమర్జెన్సీకి పోయి "నాకు ఇయ్యాల ఇక్కడ సూదులు పెట్టిన్రు" అని చెప్పు, ఆ మాట చెప్తేనే డాక్టర్‌కు తొందరగ తడ్తది.

కాబట్టి ఎవరు పెడ్తున్నరనేది సూది కన్న పెద్ద ముచ్చట. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినోళ్లా, నీడ్లింగ్ శిక్షణ ఎన్ని రోజులది, ఎన్నేండ్ల నుంచి చేస్తున్నరు, మొఖం మీదనే అడుగు, మంచిగ పనిచేసేటోళ్లు ఏమనుకోరు. శని ఆదివారం రెండు రోజుల క్లాసుకు పోయి సోమవారం నుంచి ఛాతీ మీద సూదులు పెట్టేటోళ్లు ఉన్నరు, నాకు వాళ్ల మీద కోపం, ఎందుకంటే చెయ్యి తడుముడు నేర్చుకోవడానికి నాకు ఏండ్లు పట్టింది. ఊర్లల్ల ఆర్ఎంపీల దగ్గర అయితే అస్సలు వద్దు. సూది ప్యాకెట్ నీ ముందల చింపాలె, వాడినంక గట్టి తెల్ల డబ్బాల ఎయ్యాలె, 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌ల సూదులకు ఆ డబ్బానే చెప్పిన్రు. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడుడు అనేదే లేదు. నీకు షుగర్ ఉన్నా, రక్తం పలచన చేసే గోళీలు, అసిట్రోమ్ గాని క్లోపిడోగ్రెల్ గాని ఏసుకుంటున్నా, ముందే చెప్పు. ఇంట్ల ఆడోళ్లకు ఎవరికన్న చేపిద్దామనుకుంటే కడుపుతోని ఉన్నప్పుడు వద్దు.

పైసల ముచ్చట. ఆరు సిట్టింగులు ముందే ఎట్ల తెలుస్తది? నేనైతే రెండు సార్లు చేసి చూస్త, మూడోసారికి కూడ మెడ తిరుగుడుల, తలనొప్పిల తేడా కనపడకపోతే నా లెక్కనే తప్పిందని ఆపేస్త. నువ్వు కూడ ఒక్కో సిట్టింగ్‌కు కట్టు. ముందు, తర్వాత మెడ ఎంత తిరుగుతుందో ఫోన్‌ల ఫోటో తీసుకో, వాళ్లు చెప్పుడు కాదు నువ్వే చూసుకుంటవ్.

అసలు మాట ఇప్పుడు వస్తుంది తమ్ముడూ. నీడ్లింగ్‌తోని నొప్పి తగ్గుతది అనేది పరిశోధనలల్ల కూడ కనపడ్తది, కానీ అది ఎక్కువగ కొన్ని రోజులు, కొన్ని వారాల వరకే. చెయ్యితోని ఒత్తి చేసినా చానా మందికి దగ్గర దగ్గర అంతే తగ్గుతది, సూది భయం మరీ ఉంటే అది అడుగు. సూది పెట్టినంక వచ్చే ఆ నాలుగు రోజుల మెత్తదనంల నువ్వు ఏం చేస్తవ్ అనేదాని మీదనే అంతా ఉంది. మిర్యాలగూడ రైస్‌మిల్లుల హమాలీ ఒకాయన, పిర్ర నుంచి కాలు కిందికి గుంజుడు, అందరు సయాటికా (నడుము నుంచి కాలుకు దిగే నరం నొప్పి) అన్నరు, చూస్తే పిర్ర లోపలి చిన్న కండ. రెండు సార్లకే తగ్గింది, సంబరపడి తెల్లారే బస్తాలకు పోయిండు, ఇరవై రోజులకు మళ్ల అట్లనే వచ్చిండు. రెండోసారి సూది తక్కువ పెట్టిన, తుంటి కండల బలానికి నెలన్నర వ్యాయామం చేపించిన, 50 కిలోల బస్తా ఎప్పుడూ ఒకే భుజం మీద ఎత్తకుండ మార్చి మార్చి ఎత్తమన్న. తర్వాత ఆయన కాలు కోసం రాలే, వాళ్ల బిడ్డ మోకాలు కోసం వచ్చిండు.

మన దిక్కు దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. చేనేతల ఆసు పోసుడు అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టుడు, దానికి ఒక చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటు ఇటు ఆడించాలె, ఆలేరు, పోచంపల్లి దిక్కు ఆడోళ్ల భుజాలన్ని దానికే అరిగినయి. చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు మిషన్ తయారు చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ మిషన్ తగ్గించినన్ని భుజం నొప్పులు నేను నా జీవితమంతా సూదులు పెట్టినా తగ్గించలేను. నీకు కూడ అదే, నీ మిషన్ ఎత్తు చూసుకో. బట్ట మీదికి గడ్డం ఛాతీకి ఆనేటట్టు వంగుతున్నవా, అయితే మిషన్ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచు, లైట్ దగ్గరికి తెచ్చుకో, లైట్ తక్కువైతేనే మనిషి వంగుతడు. కత్తిరించే బల్ల నడుము ఎత్తుకు ఉండాలె. అర్ధగంటకు ఒకసారి లేసి భుజాలు పైకి చెవుల దాక ఎత్తి వదులు.

బలం కూడ పెంచాలె, ఉత్త సాగదీసుడు సరిపోదు. డెన్మార్క్‌ల ఆఫీసుల పనిచేసేటోళ్లకు రబ్బరు పట్టీతోని చేతులు పక్కకు ఎత్తుడు రోజుకు ఉత్తగ 2 నిమిషాలు, వారంల 5 రోజులు, 10 వారాలు చేపిస్తే మెడ, భుజం నొప్పి తగ్గింది. రెండు నిమిషాలకు టైం లేదని మాత్రం అనకు. పట్టీ లేకుంటే లీటర్ నీళ్ల బాటిళ్లు రెండు చేతులకు పట్టుకొని పక్కలకు భుజం ఎత్తు దాక ఎత్తి దించు, మొదటి వారం నొచ్చినంత చెయ్యకు, తర్వాత పెంచు.

ఇగ అమ్మ. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఆ వయసు మనిషి మెడ తిరగదంటే నాకు ముందు గుర్తొచ్చేది కండ కాదు, ఫ్లోరైడ్. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కన్న ఎక్కువ ఉండొద్దని డబ్ల్యూహెచ్ఓ చెప్తది, ఆ దిక్కు బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు తాగి పెరిగిన్రు మనోళ్లు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, ముప్పై నలభై ఏండ్లు ఎముకలల్ల చేరింది అట్ల పోదు. ఎముకలను పట్టి ఉంచే పట్టీలు కూడ ఎముక లెక్క గట్టిపడ్తయి, అందుకే మెడ, నడుము ఒక కట్టె లెక్క అయితయి. దానికి ఎన్ని సూదులు పెట్టినా ఒక్క ఇంచు కూడ తిరగదు, పైసలు పోతయి, ఆమెకు నొప్పే మిగుల్తది. అమ్మ పండ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు ఉన్నయా చూడు. కింద కూసొని లేవగల్గుతదా, మోచెయ్యి పూర్తిగ చాపగల్గుతదా అడుగు. మెడ ఎక్స్‌రేతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడ తీయించు, ముంజేతిల రెండు ఎముకల నడుమ ఉన్న పొర గట్టిపడుతది ఫ్లోరోసిస్‌ల, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బుల, అది మంచి గుర్తు.

నాకు అన్నిటికన్న భయం ఏందంటే, మెడల వెన్నుపాము పోయే దారి ఇరుకైతది. కాళ్లు బిగుసుకపోయి ఈడ్చుకుంట నడుస్తుందా, చెప్పులు తెలవకుండ జారిపోతున్నయా, జాకెట్ గుండీలు పెట్టుకోలేకపోతుందా, మూత్రం ఆగుతలేదా, ఇందుల ఏదున్నా న్యూరోసర్జన్‌కు చూపియ్, హైదరాబాద్ నిమ్స్ అయినా సరే, ఆలస్యం చెయ్యకు. మంగలి షాపుల, పుత్తూరు కట్టు అని చెప్పుకునేటోళ్ల దగ్గర, ఎవరి దగ్గరైనా ఆమె మెడను టక్కుమని తిప్పనియ్యకు. అట్ల గట్టిపడ్డ మెడను తిప్పితే నడవగల్గే మనిషి మంచాన పడొచ్చు. ఈ మాట నేను ఎన్ని సార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తది.

ఇవన్నీ చూసి వెన్నుపాముకు ఏం లేదని తేలితే అప్పుడు ఆమె కండల నొప్పికి చెయ్యగలిగింది ఉంది. వేడినీళ్ల కాపడం, భుజాలు తిప్పుడు, దమ్ము గట్టిగ పీల్చి వదులుడు, పొద్దున సాయంత్రం నడక. అట్ల బిగుసుకున్న మెడ చుట్టూ ఉన్న కండలు పాపం రోజంత బరువు మోస్తనే ఉంటయి, వాటికి మెల్లగ చెయ్యితోని చేసే మర్దన చాలు. దవాఖానకు పోయేటప్పుడు ఆమె పాత ఎక్స్‌రేలు, వాడే గోళీల కవర్లు అన్ని ఒక సంచిల ఏసుకొని పో, ఏ ఊరి ఏ బోరు నీళ్లు ఎన్నేండ్లు తాగిందో కూడ ఒక కాగితం మీద రాసుకొని పో, డాక్టర్ అడగకపోయినా నువ్వే చెప్పు.